ఓబుళేసు వేళ్ల లెక్క

"ఏమప్పా ఓబుళేసూ, నువ్వు కొమ్మ కొట్టేకి వచ్చినావా, మా వేళ్లు లెక్కబెట్టేకి వచ్చినావా?"

కదిరిలో ఫంక్షన్ హాలు నడిపే జయరాం ఈ ప్రశ్న అడిగింది ఒక మే నెల పొద్దున, తన హాలు గేటు ముందు, పదిమంది పనివాళ్లు వింటుండగా. ప్రశ్నలో వెటకారం ఉంది గానీ అబద్ధం లేదు. ఓబుళేసు చైన్ మిషన్‌తో చెట్ల కొమ్మలు కోసే మనిషి. మిషన్ తాడు లాగే ముందు ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లందరి చేతులూ పైకెత్తించి వేళ్లు లెక్కపెడతాడు. పని అయ్యాక మళ్లీ లెక్కపెడతాడు. రెండు లెక్కలూ ఒకటైతేనే కూలి మాట ఎత్తుతాడు. కదిరి నుంచి కొత్తచెరువు దాకా ఆయన ముందు చేతులెత్తని పెద్దమనిషి లేడు. బ్యాంకు మేనేజరు ఎత్తాడు. కరెంటు లైన్‌మన్ ఎత్తాడు. ఒక పురోహితుడు మంత్రం మధ్యలో ఆపి ఎత్తాడని కూడా అంటారు. నేను చూడలేదు కనుక ప్రమాణం చెయ్యను.

ఓబుళేసుది కొత్తచెరువు దగ్గర పల్లె. వేరుశెనగ నాలుగేళ్లు వరసగా ఎండిపోయాక, బోరు వేయించడానికి దాచుకున్న డబ్బు పెట్టి ఈ మిషన్ కొన్నాడు. ఊరంతా నవ్వింది. నేను కూడా అడిగాను, ఎందుకు కొన్నావని.

"బోరేస్తే నీళ్లు పడతాయో లేదో దేవునికే తెలుసు మేడమ్. కొమ్మ కోస్తే కింద పడతాదని మాత్రం నాకు తెలుసు" అన్నాడు.

మిషన్‌తో పాటు ఒక పుస్తకం వచ్చింది. పదకొండు భాషలున్నాయట అందులో, తెలుగు తప్ప. ఓబుళేసు ఐదో తరగతి దగ్గర ఆగిన మనిషి. ఆ పదకొండు భాషల్నీ పక్కన పెట్టి బొమ్మలు చదివాడు. ఒక్కో బొమ్మ ముందు ఒక్కో సాయంత్రం కూర్చున్నాడట. యంత్రంతో పాటు వచ్చిన పుస్తకాన్ని చివరి అట్ట దాకా చదివిన మనిషిని నేను ఇంతవరకు ఒక్కణ్నే చూశాను. మా కాలేజీలో ముప్పై ఏళ్లు ఎకనామిక్స్ చెప్పాను. పాఠ్యపుస్తకం కూడా ఎవరూ అంత శ్రద్ధగా చదవలేదు. నేనూ చదవలేదు.

అప్పట్నించీ ఆయన నోట ఒకటే మాట: "బుక్కులో ఉండాది."

నలభై మూడు డిగ్రీల ఎండలో మొహానికి జల్లెడ ఉన్న హెల్మెట్టు, చెవులకు మూతలు, తొడల దాకా పరుపులాంటి తొడుగు, మోకాలి కిందికి బూట్లు. అట్లా బజారులో నడిచిపోతుంటే టీ అంగట్లోంచి ఎవరో ఒకరు అరుస్తారు.

"ఏమన్నా, చంద్రుని మీదికి పోతాండావా?"

"లేదప్పా, చింతచెట్టు కిందికి."

"ఉడికిపోవా దాంట్లో?"

"ఉడికినా ఒక్క ముక్కగా ఉడుకుతా. బుక్కులో ఉండాది."

నాకు ఆయన పరిచయమైంది ఆరేళ్ల కిందట. మా వేపచెట్టు కొమ్మ ఒకటి మిద్దె మీది నీళ్ల ట్యాంకు మీదికి వాలింది. మొదటి గాలివానకే ట్యాంకు పగిలేట్టుంది. ఓబుళేసు పొద్దున ఎనిమిదికి వచ్చాడు. మిషన్ మొదటిసారి మోగింది పదిన్నరకు. మధ్యలో రెండున్నర గంటలు ఏం చేశాడంటే, చెట్టును చూశాడు. తూర్పు నుంచి చూశాడు, పడమటి నుంచి చూశాడు, మిద్దె ఎక్కి చూశాడు, వెల్లకిలా పడుకొని చూశాడు. కరెంటు తీగ ఎంత దూరమో అడుగులు వేశాడు. కొమ్మ తప్పుగా పడితే తను ఎటు పరుగెత్తాలో రెండుసార్లు పరుగెత్తి చూసుకున్నాడు. ఆ దారిలో ఉన్న నా తులసికోటను చూసి "దీన్ని రోంత జరపల్ల" అన్నాడు.

"నువ్వే జరిగి పరుగెత్తరాదా?"

"పారిపోయేటప్పుడు దేవున్ని తన్నకూడదు మేడమ్. ఇది బుక్కులో లేదు, నేనే చెప్తాండా."

తర్వాత చెట్టు చుట్టూ ముగ్గుపిండితో గీత గీశాడు, కొమ్మ పొడవుకు రెండింతల దూరంలో. గీత దగ్గర ఒక సన్నటి మనిషిని నిలబెట్టాడు. మెడలో విజిల్, భుజాన తువ్వాలు. పేరు తిప్పయ్య. ఆయన పని నిలబడడం. గీత లోపలికి ఎవరు అడుగుపెట్టినా, పైన ఏది తేడాగా కదిలినా విజిల్ ఊదాలి. అంతే. రంపం పట్టడు, కొమ్మ లాగడు.

"ఇంక అందరూ చేతులెత్తండప్పా" అన్నాడు ఓబుళేసు.

అప్పుడు అక్కడ ఉన్నది ఐదుగురం. నేను, పక్కింటి లక్ష్మీదేవి, తన మేకలతో నాగన్న, వీళ్లిద్దరు. మేకలెందుకంటారా? ఈ సీమలో చెట్టు కొమ్మ కోస్తున్నారన్న వార్త సెల్‌ఫోన్ కంటే ముందు మేకలకు అందుతుంది. ఎండాకాలంలో పచ్చాకు కనబడే చోటు అదొక్కటే మరి. ఓబుళేసు మిషన్‌లో పెట్రోలు పోస్తుండగానే నాగన్న మంద గేటు దగ్గర ఉంది.

అందరం చేతులెత్తాం. నాకు చచ్చేంత సిగ్గేసింది. పోలీసులకు దొరికిపోయినట్టు, నా ఇంటి ముందు నేను చేతులెత్తి నిలబడడం. ఓబుళేసు ఒక్కొక్కరి ముందుకూ వచ్చి పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు.

"నలభై ఎనిమిది. సరిపోయింది."

"ఐదుగురికి యాభై కదయ్యా" అన్నాను. లెక్కల్లో తప్పు కనబడితే ఊరుకోలేని జబ్బు నాది.

"నలభై ఎనిమిదే మేడమ్."

"ఐదు పదులు యాభై."

"ఆ రెండూ నావి మేడమ్" అన్నాడు తిప్పయ్య నవ్వుతూ. కుడిచేయి ఇంకొంచెం ఎత్తి చూపించాడు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. అంతటితో సరి.

"అయ్యో! ఎక్కడ పోయాయి?"

"కోత మిల్లులో ఉండాయి. ఓనరు తిరిగి ఇయ్యలేదు."

నాగన్న పకపకా నవ్వాడు. లక్ష్మీదేవి నవ్వింది. చివరికి నేనూ నవ్వాను. నాగన్నకు హుషారొచ్చి, "నా మేకలను కూడా లెక్కబెట్టుకోప్పా, పుణ్యముంటాది" అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఓబుళేసు మేకల తోకలు కూడా లెక్కపెట్టాడు. ఇరవై మూడు.

కోత అంతా కలిపి తొమ్మిది నిమిషాలు. కొమ్మకు కిందివైపు నుంచి కొంచెం కోత, తర్వాత రవ్వంత అవతలగా పైనుంచి రెండో కోత. కొమ్మ బెరడు చీల్చుకోకుండా, సాధువులాగా దిగి మిద్దె పక్కన పడుకుంది. మిగిలిన మొండి కొమ్మ మూడో కోతకు పోయింది. మిషన్‌ను ఒక్కసారి కూడా భుజం పైకి ఎత్తలేదు. మిద్దె మీద నుంచి అందిన మేరకే కోశాడు. అందని చోటికి తాడు కట్టుకొని చేతిరంపంతో వెళ్లాడు. నడిచేటప్పుడు, రెండడుగులైనా సరే, మిషన్ ఆపేశాడు.

ఎందుకింత జాగ్రత్త అని అడిగితే మిషన్ కొస చూపించాడు. "ఈ ముక్కు ఉండాది చూడండి. దీని పైమూల దేనికన్నా తగిలిందంటే మిషన్ ఎగిరి మన మొహం చూసేకి వస్తాది. అంత దగ్గర్నుంచి చూసే మొహం కాదు మేడమ్ నాది."

తర్వాత వేళ్లు నలభై ఎనిమిది, సరిపోయింది. తోకలు మాత్రం ఇరవై రెండు. ఓబుళేసు మొహం తెల్లబడింది. హెల్మెట్టు తీసి కొమ్మ కింద, ట్యాంకు వెనక, తులసికోట చాటున వెదికాడు. ముప్పావు గంట తర్వాత ఇరవై మూడో తోక మా వంటింట్లో దొరికింది. మిగతా మేక దాని ముందే ఉంది, నా కొత్తిమీర కట్ట నములుతూ.

కూలి దగ్గర పేచీ వచ్చింది. కోసినందుకు ఎనిమిది వందలు, నిలబడినందుకు మూడు వందల యాభై అన్నాడు.

"నిలబడినందుకు కూలేంటయ్యా?" అన్నాను. "ఒకడు చేసే పనికి ఇద్దరు. దీన్ని మేము ప్రచ్ఛన్న నిరుద్యోగం అంటాం. పిల్లలకు పది మార్కుల ప్రశ్న."

"ఏమో మేడమ్. ఒక్కడే పని చేయగూడదని బుక్కులో ఉండాది."

"నీ బుక్కునడుగు అయితే, ఆ మూడు వందల యాభై."

ఓబుళేసు నేనిచ్చిన ఎనిమిది వందలు అందుకున్నాడు, అందులోంచి మూడు వందల యాభై లెక్కపెట్టి తిప్పయ్య జేబులో పెట్టాడు. నేను వేపచెట్టు వైపు చూశాను. చెట్టు మాత్రం చాలా బాగా కుదిరింది.

నాలాంటి వాళ్లే ఊరంతా. అందరిదీ ఒకటే బేరం: కోసేవాడొక్కడు చాలు, నిలబడేవాడు వద్దు. ఓబుళేసుది ఒకటే జవాబు: ఇద్దరం వస్తే వస్తాం, లేకుంటే లేదు. దీనివల్ల సగం పనులు పోయేవి. తిప్పయ్యకు అయితే వేరే పని లేదు. మూడువేళ్ల కుడిచేతికి చేలో చెనక్కాయ చెట్లు పీకే పని కూడా ఎవరూ ఇవ్వరు. ఓబుళేసు ఒక్కసారి సరేనన్నాడంటే, ఆ మనిషి సంపాదన ఆ రోజుతో సరి.

ఇంకో బేరం నిచ్చెన. "నిచ్చెన వేసుకొని మిషన్‌తో కోసేయరాదా, పది నిమిషాల పని" అనని వాళ్లుండరు.

"అన్నా, నిచ్చెన కావాల్నో మిషన్ కావాల్నో తేల్చుకో. రెండూ కావాలంటే ఆంబులెన్స్ కూడా నువ్వే పిలవల్ల" అనేవాడు.

ఇంట్లోనూ ఇదే తంతు. భార్య ఆంజినమ్మ సొరకాయ తరుగుతుంటే పక్కన నిలబడి, "అయిపోయినాదా? యాదీ, వేళ్లు చూపీ" అంటాడట. ఒకరోజు ఆమె కోపంతో ఒకచేయి వెనక దాచి తొమ్మిది చూపించిందని, ఆయన ఆ పూట అన్నం తినకుండా చెత్తబుట్ట వెదికాడని ఆమే చెప్పింది.

ఇక జయరాం హాలు సంగతి.

ఆ సాయంత్రం అక్కడ మా కాలేజీ క్లర్కు కూతురి రిసెప్షన్. గేటు లోపల పెద్ద చింతచెట్టు, దాని కొమ్మ ఒకటి సరిగ్గా షామియానా వేసే చోటి మీదికి ఒరిగి ఉంది. మొన్నటి గాలికి మొదలు దగ్గర చీలిక కూడా పడింది. ఓబుళేసు పేరు చెప్పింది నేనే. చెప్పిన పాపానికి పొద్దున్నే వెళ్లి నిలబడ్డాను.

జయరాం మంచివాడే. కానీ తనకు తాను చాలా ఇష్టం. కొమ్మ కిందే ఆయన కటౌట్ ఉంది, పన్నెండడుగులది, వచ్చే అతిథులకు రెండు చేతులూ జోడించి నమస్కారం పెడుతూ. దాని ముందు ఆయన స్వయంగా నిలబడి ఫోన్ మాట్లాడుతుంటే, చిన్నదానికి పెద్దది దండం పెడుతున్నట్టుండేది.

ఓబుళేసు వచ్చి చెట్టు చూడడం మొదలుపెట్టాడు. గంట గడిచింది. గీత గీశాడు. జయరాంకు బీపీ ఎక్కింది. "చేతులెత్తండప్పా" అనగానే ఆ మొదటి ప్రశ్న వచ్చింది: కొమ్మ కొట్టేకా, వేళ్లు లెక్కబెట్టేకా?

"రెంటికీ అన్నా" అన్నాడు ఓబుళేసు. "ఇది చీలిన కొమ్మ. కొస నుంచి ముక్కముక్కగా తాడు కట్టి దించల్ల. సాయంత్రం నాలుగున్నర అయితాది. నాకు పదహైదు వందలు, తిప్పయ్యకు ఐదు వందలు."

"ఆయప్ప ఏం చేస్తాడు?"

"నిలబడతాడు."

"నిలబడేకి ఐదు వందలా! మా హాల్లో ఊరికే నిలబడేకి ఇరవైమంది ఉండారు, పిలవల్నా?"

"వాళ్లు నిలబడతారన్నా. ఈయప్ప చూస్తాడు."

జయరాం అప్పుడు అసలైన ఎర వేశాడు. "చూడు ఓబుళేసూ. నా లేఅవుట్‌లో రెండు వందల కానుగ చెట్లుండాయి. అన్నీ నీకే ఇస్తా. మూడు నెలలు యాడికీ పోయే పనుండదు. కానీ ఒక్కనికే కూలి. ఆయప్పను ఇంటికి పంపించు. లేదంటే ఇద్దరూ పోండి."

రెండు వందల చెట్లు! నేనైతే బుక్కు చింపి చేతికిచ్చేదాన్ని. తిప్పయ్య తువ్వాలు సర్దుకున్నాడు.

"అన్నా, నేను పోతాలే. రెండు వందల చెట్లన్నా..."

"గమ్మునుండు" అన్నాడు ఓబుళేసు. "ఒక్కడే చేయగూడదు. పదిహేడో పేజీలో ఉండాది, వేళ్ల రూలు కిందనే."

మిషన్ భుజానికెత్తుకొని రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న టీ అంగట్లో కూర్చున్నాడు. హెల్మెట్టు తీసి ఒళ్లో పెట్టుకొని, "రెండు టీ" అన్నాడు. తిప్పయ్య మాత్రం కూర్చోలేదు. గేటు బయటే నిలబడ్డాడు, చెట్టు వైపు చూస్తూ. పని పోయిందన్న సంగతి ఆయన కాళ్లకు ఇంకా తెలిసినట్టు లేదు.

అరగంటలో జయరాం ఎర్రిస్వామిని పిలిపించాడు. ఎర్రిస్వామి లుంగీ ఎగగట్టి, హవాయి చెప్పులతో, చెవిలో బీడీ పెట్టుకొని వచ్చాడు. చెట్టును ఒక్కసారి కూడా చూడలేదు. నిచ్చెన తెచ్చి, కోయబోయే ఆ కొమ్మకే ఆనించాడు.

"ఎర్రిస్వామీ, వేళ్లన్నీ ఉండాయా?" టీ అంగట్లోంచి ఓబుళేసు కేకేశాడు.

"ఉండాయిలేన్నా, యాడికి పోతాయి!"

ఒక చేత్తో కొమ్మ, ఒక చేత్తో మిషన్. కింది కోత అనే మాటే లేదు. నేరుగా పైనుంచి మొదలుపెట్టాడు. జయరాం కటౌట్ ముందు నిలబడి, "అట్ల! ఆ! పని అంటే అది!" అంటున్నాడు.

విజిల్ మోగింది. ఆగకుండా మోగింది. తిప్పయ్య గేటు బయట నిలబడి బుగ్గలు పగిలేలా ఊదుతూ, మూడువేళ్ల చేయి ఊపుతూ కొమ్మ మొదలు వైపు చూపిస్తున్నాడు.

జయరాంకు ఒళ్లు మండింది. కటౌట్ వదిలిపెట్టి గబగబా గేటు దగ్గరికి వచ్చాడు.

"ఏయ్! దుడ్లు ఇయ్యనని చెప్పినా కదా? మళ్లా ఎవరికప్పా ఊదుతాండావు పీపీ?"

"దుడ్లకు కాదన్నా. కొమ్మ..."

ఫెళ్లుమంది. కోసిన చోటు నుంచి చీలిక దాకా కొమ్మ బెరడు చీల్చుకుంటూ విరిగి, జయరాం అంతదాకా నిలబడిన చోట దబ్బున పడింది. బరువు దిగిపోయేసరికి చెట్టుకు మిగిలిన మొండి కొమ్మ రెండడుగులు పైకి ఎగిరింది. దానికి ఆనించిన నిచ్చెనకు ఆనుకోవడానికి ఏమీ మిగల్లేదు. నిచ్చెన కింద పడింది. మిషన్ పందిట్లోని అరటి బోదెల మధ్య పడి ఊరుకుంది. ఎర్రిస్వామి మాత్రం పడలేదు. చేతులతో కాళ్లతో మొండి కొమ్మను కౌగలించుకొని గబ్బిలం మాదిరి వేలాడుతున్నాడు. ఒక చెప్పు పడింది. కాసేపటికి రెండోది.

టీ అంగట్లో ఓబుళేసు మిగిలిన టీ తాగి, హెల్మెట్టు పెట్టుకొని, రోడ్డుకు రెండు వైపులా చూసుకొని దాటి వచ్చాడు. చెట్టు దగ్గర నిలబడి పైకి చూశాడు.

"ఎర్రిస్వామీ, ముందు వేళ్లు చూపించు."

"అన్నా! వేళ్లు చూపిస్తే పడిపోతానన్నా!"

"అయితే చెప్పు. ఒక్కొక్కటీ కదిలిచ్చి చెప్పు."

వేలాడుతూనే పది దాకా లెక్క ఒప్పజెప్పాడు ఎర్రిస్వామి. అప్పుడు నిచ్చెనను చెట్టు మానుకు ఆనించి, తాడుతో కట్టి, కింద ఇద్దరు పట్టుకోగా ఆయన్ను దించారు. దిగాక, "చేతులెత్తండప్పా" అన్నాడు ఓబుళేసు.

ఈసారి అందరికంటే ముందు లేచిన చేతులు జయరాంవి. పదీ ఉన్నాయి. పనివాళ్లు పదిమంది, జయరాం, ఎర్రిస్వామి, నేను, వీళ్లిద్దరు. పదిహేనుగురం.

"నూట నలభై ఎనిమిది. సరిపోయింది" అన్నాడు ఓబుళేసు. కొమ్మ కిందికి వంగి చూసి, "కటౌట్‌వి పది పోయినాయన్నా. మణికట్ల కాడికి."

జయరాం కటౌట్ వైపు చూశాడు, తను అంతదాకా నిలబడిన చోటు చూశాడు, తర్వాత తిప్పయ్య వైపు చూశాడు. "మిగిలిన పని కానీప్పా. ఇద్దరికీ కూలి" అన్నాడు. గొంతు కొంచెం తగ్గింది. లేఅవుట్ కూడా ఇద్దరికే అన్నాడు.

నాలుగున్నరకు పని అయింది. నాగన్న మేకలు నాలుగుకే వచ్చాయి.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నేనొక సంగతి గమనించాను. తిప్పయ్య పంక్తి నడిమధ్యలో కూర్చొని, మూడువేళ్లతో ఓళిగ తుంచి నెయ్యిలో ముంచుకుంటున్నాడు. పక్కనున్న పెళ్లికొడుకు మేనమామ "ఏమైనాదప్పా చేతికి?" అంటే, "కోత మిల్లులో ఉండాయి, ఓనరు తిరిగి ఇయ్యలేదు" అన్నాడు. ఆ వరస వరసంతా నవ్వింది.

నాకు మాత్రం పదిహేడో పేజీ బుర్రలో తిరుగుతూనే ఉంది. మిషన్ బుక్కులో వేళ్ల లెక్క ఎందుకుంటుంది? మర్నాడు ఓబుళేసు దగ్గర ఆ బుక్కు అడిగి తెచ్చుకున్నాను. ఆయన చెప్పినవన్నీ బొమ్మల్లో ఉన్నాయి. నిచ్చెన మీద మనిషికి అడ్డగీత ఉంది. భుజం పైకెత్తిన మిషన్‌కు అడ్డగీత ఉంది. పారిపోయే దారి ఉంది. ఒక్కడే చేయగూడదన్నదీ ఉంది. పదిహేడో పేజీలో మాత్రం నూనె డబ్బా ఉంది. అట్ట నుంచి అట్ట దాకా తిరగేశాను. వేళ్లు లెక్కపెట్టమన్న బొమ్మ ఎక్కడా లేదు.

పుస్తకం తిరిగి ఇవ్వడానికి వెళ్తే ఓబుళేసు ఇంట్లో లేడు. ఆంజినమ్మ సొరకాయ ముందేసుకొని కూర్చుంది. నేనూ పక్కనే కూర్చొని, ఈ వేళ్ల లెక్క సంగతి అడిగాను.

"ఆయప్ప మునుపు యాడ లెక్కబెట్టేవాడు మేడమ్!" అంది. "తిప్పయ్యన్న వచ్చినంక కదా ఇదంతా. అప్పుట్లో ఆయన్న చెయ్యి ఎప్పుడూ తువ్వాల్లోనే. మా ఇంట్లో కూడా గోడ తట్టు తిరుక్కోని తినేవాడు. పిలిచినా పెండ్లిండ్లకు పోడు. ఈయప్ప మొదటి దినం పనికి పిలుచుకోని పోతే, ఆ ఇంటాయన అందరి ముందర, 'ఏమప్పా, వేళ్లు లేనోన్ని తెచ్చినావు, మిషన్ పని ఇది' అన్నాడంట. తిప్పయ్యన్న ఎనక్కి తిరిగినాడు. ఈయప్పకు ఏమి తోచల్యా. 'మా పనిలో రూలుంది, అందరూ చేతులెత్తల్ల' అన్నాడంట."

"అందరూనా?"

"ఆ ఇంటాయన కూడా ఎత్తినాడంట. చేతులెత్తినంక ఎవని వేళ్లు వాడు చూసుకుంటాడు కదా మేడమ్. పక్కోనివి చూసేకి తీరికేడిది? తిప్పయ్యన్నది ఎనిమిది, ఆయనది పది, అంతే. ఇంక రూలని నోరు జారినాడు కదా, ఆ పొద్దు నుంచి ప్రతి చెట్టు కాడ నిలబెట్టుకోవాల్సి వచ్చింది."

అంతలో ఓబుళేసు వచ్చాడు. సొరకాయ చూశాడు.

"అయిపోయినాదా? యాదీ, వేళ్లు చూపీ."

ఆంజినమ్మ పదీ చూపించింది. ఆయన నా వైపు తిరిగాడు. నేనూ ఎత్తాను.

"పదిహేడో పేజీలో నూనె డబ్బా ఉందయ్యా" అన్నాను చేతులు దించకుండానే.

ఓబుళేసు బుక్కు నా ఒళ్లోంచి తీసుకొని దుమ్ము తుడిచాడు.

"ఇది పాత బుక్కు మేడమ్. కొత్తదాంట్లో ఉంటాది."

రెండు వందల కానుగ చెట్లూ పూర్తయ్యాయి. రోజూ ఇద్దరి కూలీ జయరాం సరిగ్గానే ఇచ్చాడు. చింతకొమ్మ నాటి ఐదు వందలు మాత్రం, తిప్పయ్య ఆ పొద్దున నిలబడింది గేటు బయట కాబట్టి లెక్కలోకి రావని ఆయన వాదన. అవి ఇంకా ఇవ్వలేదు. నా మూడు వందల యాభై కూడా అట్లే ఉన్నాయి.